మొలకెత్తని విత్తనానికి జవాబుదారీ ఎవరు: కర్నూలు ఫోరం నుంచి సుప్రీంకోర్టు దాకా

నాసిరకం విత్తనంతో నష్టపోయిన రైతు వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చన్న మాట ఇవాళ కర్నూలు, ఆదోని విత్తన దుకాణాల దగ్గర మామూలుగానే వినిపిస్తుంది. కానీ ఆ హక్కు చట్టం వచ్చిన నాడే రైతు చేతికి అందలేదు. అసలు రైతు వినియోగదారుడే కాడన్న వాదనతో సుమారు పాతికేళ్లు పోరాడాకే అది స్థిరపడింది.

అంతకుముందు ఉన్నది 1966 నాటి విత్తన చట్టం. నోటిఫై చేసిన రకాలకు కనీస మొలక శాతం ఉండాలని, ఉదాహరణకు వేరుశనగకు 70 శాతం ఉండాలని, ఆ చట్టం కింద ప్రమాణాలు ఏర్పడ్డాయి. ఉల్లంఘించిన వ్యాపారికి మొదటిసారి 500 రూపాయల వరకు జరిమానా, మళ్లీ తప్పు చేస్తే ఆరు నెలల వరకు జైలు లేదా 1,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ విధించవచ్చు. అయితే ఆ జరిమానా సర్కారు ఖజానాకు పోయేదే తప్ప, పొలం బీడుపడిన రైతుకు పైసా పరిహారం ఇప్పించే ఏర్పాటు ఆ చట్టంలో లేదు. ఇక మిగిలింది సివిల్ కోర్టు. కోర్టు ఫీజు కట్టి, వకీలును పెట్టుకుని, ఏళ్ల తరబడి వాయిదాలకు తిరగడానికి పత్తికొండ ఎర్రనేలల్లో నాలుగెకరాలు చేసుకునేవాడికి ఒక్క పంట నష్టానికి దక్కే సొమ్ము సరిపోదు, ఓపికా చాలదు.

1986 చివరలో వచ్చిన వినియోగదారుల రక్షణ చట్టం జిల్లా ఫోరం (ఇప్పటి జిల్లా కమిషన్), రాష్ట్ర కమిషన్, జాతీయ కమిషన్ అనే మూడంచెలను ఏర్పరచింది. మొదట్లో లక్ష రూపాయల లోపు వివాదాలు జిల్లా ఫోరానికి వచ్చేవి, ఫీజు ఉండేది కాదు. చిక్కల్లా నిర్వచనంలో ఉంది. వ్యాపార ప్రయోజనం కోసం కొన్నవాడు వినియోగదారుడు కాడని చట్టం అనడంతో, పంట అమ్ముకోవడానికే కదా రైతు విత్తనం కొన్నాడని కంపెనీలు వాదించాయి. స్వయం ఉపాధితో బతుకు వెళ్లదీసుకోవడానికి కొన్నది వ్యాపార ప్రయోజనం కిందికి రాదని 1993లో చేర్చిన వివరణ ఆ వాదన బలాన్ని చాలావరకు తగ్గించింది.

రెండో వాదన ఇంకా తెలివైనది. వస్తువులో లోపాన్ని పరీక్ష లేకుండా తేల్చలేనప్పుడు నమూనాను ప్రయోగశాలకు పంపాలని చట్టం చెబుతుంది గనక, ఆ నివేదిక లేని ఫిర్యాదు చెల్లదన్నారు. పదును ఆరిపోకముందే సంచి మొత్తం విత్తే రైతు దగ్గర నమూనా ఎందుకుంటుంది? మహారాష్ట్ర హైబ్రిడ్ సీడ్స్ కంపెనీ కేసులో 1998లో సుప్రీంకోర్టు, అలాంటప్పుడు పరీక్ష కోరవలసింది కంపెనీయేనన్న వైఖరి తీసుకుంది. అలాగని దారి పూర్తిగా సుగమం కాలేదు. 2005లో హర్యానా విత్తనాభివృద్ధి సంస్థ కేసులో, దిగుబడి తగ్గడానికి విత్తనం ఒక్కటే కారణం కానక్కర్లేదంటూ అదే కోర్టు సంస్థ పక్షాన తీర్పు చెప్పింది. వాన నమ్మకం లేని అనంతపురం, కర్నూలు మెట్ట పొలాల్లో ఈ మాట కంపెనీలకు ఎంత అనుకూలమో వేరే చెప్పనక్కర్లేదు.

ఈ నేపథ్యంలోనే నేషనల్ సీడ్స్ కార్పొరేషన్ కేసును చూడాలి. ఇందులో రైతులు నాసిరకమన్న విత్తనం అమ్మింది ప్రైవేటు కంపెనీ కాదు, 1963లో ఏర్పడిన కేంద్ర ప్రభుత్వ సంస్థ. కర్నూలు, మహబూబ్‌నగర్, గుంటూరు, ఖమ్మం, కాకినాడ జిల్లా ఫోరాలు రైతులకు పరిహారం మంజూరు చేస్తే, సంస్థ పై అంచెలన్నీ ఎక్కి సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. విత్తన చట్టం ఉండగా ఫోరానికి అధికారం లేదని, రైతులతో చేసుకున్న విత్తనోత్పత్తి ఒప్పందంలో తగాదాను మధ్యవర్తి దగ్గర తేల్చుకోవాలన్న నిబంధన ఉందని, ప్రయోగశాల నివేదిక లేదని, ఉత్పత్తి చేసి తమకే అమ్మే రైతులు వినియోగదారులు కారని వాదించింది. 2012 జనవరిలో సుప్రీంకోర్టు వీటన్నింటినీ తోసిపుచ్చింది. వినియోగదారుల చట్టం ఇచ్చేది ఇతర చట్టాలకు అదనపు పరిహార మార్గమని, పరీక్షకోసం రైతు విత్తనం దాచుకోవాలని ఆశించలేమని, నమూనాలు ఉంచుకోవలసిన సంస్థే వాటిని ఫోరం ముందు పెట్టి ఉండవచ్చని, పొలం చూసిన వ్యవసాయ నిపుణుల నివేదికలు సాక్ష్యంగా నిలుస్తాయని చెప్పింది. సంస్థ ఖర్చు పెట్టి ఒక్కొక్క మెట్టూ ఎక్కుతుంటే, గెలిచిన రైతు కూడా సొమ్ము కోసం ఏళ్లపాటు ఎదురుచూడవలసి వచ్చిందన్నది తీర్పు కన్నా తక్కువ ముఖ్యమైన విషయమేమీ కాదు.

2020 జులైలో అమల్లోకి వచ్చిన 2019 నాటి కొత్త చట్టం ఈ జాప్యాన్ని కొంత పట్టించుకుంది. పాత చట్టంలో రాష్ట్ర కమిషన్‌కు అప్పీలు చేసేవారు సగం సొమ్ము లేదా 25,000 రూపాయలు, ఏది తక్కువైతే అది జమ చేస్తే సరిపోయేది; ఇప్పుడు సగం సొమ్మూ జమ చేయాల్సిందే. చెల్లించిన ధర ఐదు లక్షల లోపైతే ఫిర్యాదుకు ఫీజు లేదు, దాఖలు ఆన్‌లైన్‌లోనూ చేయవచ్చు. నివాసమున్న చోటే ఫిర్యాదు చేయవచ్చన్నది ఆన్‌లైన్ కొనుగోళ్లకు పెద్ద మేలు. పక్క పట్టణంలో విత్తనం కొన్నవాడికి అంతగా తేడా పడదు. మరోపక్క, వినియోగదారుల కమిషన్లలో ఖాళీలు నింపడం లేదని 2021లో సుప్రీంకోర్టే తనంతట తానుగా విచారణ చేపట్టవలసి వచ్చింది.

ఇంత జరిగినా కేసు చాలాసార్లు దుకాణం దగ్గరే బలహీనపడుతుంది. అప్పు మీద విత్తనం తెచ్చుకున్న రైతుకు లాట్ నంబరున్న బిల్లుకు బదులు తెల్ల కాగితం మీద రాసిన లెక్కే దక్కితే, అమ్మిన వ్యాపారి ఆ సంచి తనది కాదనగలడు. నష్టం గుర్తించినప్పటి నుంచి రెండేళ్లలోపు ఫిర్యాదు చేయవచ్చు గానీ, పొలంలో పైరు నిలబడి ఉండగానే మండల వ్యవసాయాధికారికి రాతపూర్వకంగా తెలిపి పరిశీలన చేయించుకోకపోతే, ఆ రెండేళ్ల గడువు ఉన్నా నిపుణులు చూసి రాయడానికి పొలంలో ఏమీ మిగలదు.