ఆకుమడి నుంచి వచ్చిన పిల్లాడు

చిరంజీవి బుల్లోడికీ, వాడి గదిలో ఉండే గుంటలందరికీ తాత దీవెనలు.

నీ ఉత్తరం అందిందిరా. మీ గదిలోకి సీతంపేట కొండల మీంచి సవర తెగ పిల్లాడొకడు వచ్చాడనీ, నెల కావస్తున్నా ఎవరితోనూ కలవడనీ, రాత్రి లైట్లు ఆపాక దుప్పటి ముసుగేసుకుని ఏడుస్తాడనీ రాశావు. "మగపిల్లాడు ఏడవొచ్చా తాతా? మేం ఏటి చెయ్యాలి?" అని అడిగావు. రెండోదానికి ముందు చెబుతాను.

మనూళ్లో ఇప్పుడు ఉభాలు, అదే వరినాట్లు, జోరుగా సాగుతున్నాయి. వంశధార కాలవకి నీళ్లొచ్చాయి. నిన్నంతా గట్టు మీదే కూర్చున్నాను. ఆకుమడిలో పాతిక ముప్ఫై రోజులు ఒకదాన్నొకటి ఆనుకుని పెరిగిన ఆకుని, అంటే వరి నారుని, పీకి, వేళ్ల మట్టి కడిగి, కట్టలు కట్టి, ఇంకో మడిలోకి మోసుకెళ్లి నాటుతారు. రెండ్రోజులాగి చూడు, చేనంతా తల వాల్చేసి, పసుపు తిరిగి, ఇంక బతకదేమో అనిపిస్తుంది. పీకినప్పుడు సన్నవేళ్లు తెగిపోతాయి కదా. నీళ్లు తాగడానికి వేళ్లు చాలవు, ఎండేమో ఆకుల్లో తడిని లాగేస్తూనే ఉంటుంది. అందుకని మొక్క చెడ్డదనీ అనం, మడి చెడ్డదనీ అనం. వారం పది రోజులకి కొత్త వేళ్లు తన్నుకొస్తాయి, చేను తేరుకుంటుంది.

అందాకా రైతు ఏం చేస్తాడో చూడండి. మనవైపు ఉభాల్లో ఆడవాళ్లు ఒంటి మొక్కని గుచ్చరు, కుదురుకి రెండు మూడు కలిపి గుచ్చుతారు. వాడు కంచం పట్టుకుని వరసలో ఒక్కడే నిలబడితే మీలో ఇద్దరు వెళ్లి వాడి ముందొకడు, వెనకొకడు నిలబడండి. మడిలో నీళ్లు పలచగా పెడతారు, మునిగేలా పెడితే కుళ్లిపోతుంది. కాబట్టి ఎనిమిది మందీ చుట్టూ మూగి "ఎందుకేడుస్తున్నావ్?" అని గుచ్చి గుచ్చి అడక్కండి. వేళ్లొచ్చాయో లేదో అని ఏ రైతూ మొక్కని రోజూ పైకి లాగి చూడడు. "బెంగ తగ్గిందా?" అని పొద్దున్నే అడగడం కూడా అలాంటిదే.

కొందరికి పది రోజులు చాలవు, నెలలు పడతాయి. అయితే వాడు అన్నం మానేసినా, బతకాలని లేదన్నా, ఆ రాత్రే వార్డెన్ గారికో, మీకు చనువున్న మాస్టారికో చెప్పండి. అది చాడీ చెప్పడం కాదు నాయనా. 14416 అని సర్కారు వారి ఫోన్ నంబరుంది, రాత్రీ పగలూ పలుకుతారు, డబ్బు కట్టక్కర్లేదు. గది తలుపు మీద రాసిపెట్టుకోండి.

నేను ఆరో తరగతికి శ్రీకాకుళం హాస్టలుకి వెళ్లినప్పుడు రేకు పెట్టె మీదే తల పెట్టుకుని పడుకునేవాణ్ణి. లోపల అమ్మ కట్టిచ్చిన చోడిపిండి (రాగిపిండి) మూట ఉండేది. మూత తీస్తే ఆ వాసన అయిపోతుందని తీసేవాణ్ణి కాదు. నన్ను నిలబెట్టింది అక్కడి వంటావిడ. ఓ సాయంత్రం బియ్యం చేట తెచ్చి నా ఒళ్లో పెట్టి, "రాళ్లేరు బాబూ, నాకు కళ్లు ఆనట్లేదు" అంది. చీకటి పడేదాకా ఏరాను. వడ్డించేటప్పుడు, "ఇయ్యాల బియ్యం ఈడే ఏరినాడు" అని అందరికీ వినబడేలా చెప్పింది. అంతమంది తింటుంటే, ఎవరి పంటి కిందైనా రాయి కరకరలాడుతుందేమోనని నేను తినడం మానేసి విన్నాను. ఆ రాత్రి పెట్టె గోడ వారకి జరిపి, చాప మీద పడుకున్నాను. మీవాడికీ ఏదో ఒక పని అప్పగించండి. వాడు లేకపోతే ఆగిపోయే పనైతే మరీ మంచిది.

ఇంకోటి కూడా చెప్పాలి. మరుసటేడు మా బడికీ కొండ మీంచి ఒకడు వచ్చాడు. వాడి తెలుగు విని అందరూ నవ్వారు. ఏడాది కిందట చేట పట్టుకున్న నేనూ నవ్వాను. మాస్టారు ప్రశ్న వేస్తే లేచి నోరు తెరిచేవాడు, మా నవ్వు వినబడగానే మూసేవాడు. దసరా సెలవులకి వెళ్లినవాడు మళ్లీ రాలేదు. వాడి చాప చుట్ట సంక్రాంతి దాకా గోడకి ఆనుకునే ఉంది. వాడి భాషలో వాడు ఎంత బాగా మాట్లాడేవాడో నేను ఒక్కరోజూ వినలేదు.

గిడుగు రామమూర్తి గారి పేరు వినే ఉంటారు. మన వంశధార ఒడ్డునే, పర్వతాలపేటలో 1863 ఆగస్టు 29న పుట్టారు. మీ బడిలో తెలుగు భాషా దినోత్సవం చేసేది ఆ రోజునే. ఇప్పుడు ఒడిశాలో ఉన్న పర్లాకిమిడిలో మాస్టారుగా ఉంటూ, సవర తెలిసిన మనిషిని ఇంట్లో పెట్టుకుని ఆ భాష నేర్చుకున్నారు. ఆ భాషలో పుస్తకాలు రాశారు. సొంత డబ్బుతో సవర పిల్లలకి బళ్లు పెట్టి, వాళ్ల మాటలోనే చదువు చెప్పించారు. ఆ పిల్లలకి పాఠం చెప్పడానికి ముందు తానే వాళ్ల దగ్గర పాఠం నేర్చుకున్నారన్నమాట. ఎంత ఓపికో, ఎంత ప్రేమో!

ఇక నీ మొదటి ప్రశ్న. మా కాడెద్దు చచ్చిపోయిన రోజు మా నాన్న గట్టు మీద కూర్చుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. మా ఊళ్లో అంత మోటు మనిషి ఇంకొకడు లేడు. మర్నాడు అరువు ఎద్దుని తెచ్చి దున్నాడు. ఏడవొచ్చు నాయనా.

ఈ ఆదివారం వార్డెన్ గారినడిగి మీ బడి వెనక చేలకి వెళ్లండి. పోడు చేసే ఇంటి పిల్లాడని రాశావు కదా, వాణ్ణి ముందు నడవనివ్వండి. నిన్న నాటిన మడినీ, పది రోజుల కిందటి మడినీ పక్కపక్కన చూడండి. గట్టు దిగి, బాగా వంగి చూస్తే పసుపు ఆకుల మధ్య సూదిలా పచ్చటి మొన ఒకటి కనిపిస్తుంది. దాన్ని వాళ్ల భాషలో ఏమంటారో వాణ్ణడిగి, తెలుగు అక్షరాల్లో రాసి నాకు పంపండి. నేనూ నేర్చుకుంటాను.

మీ తాత