గర్భాశయ ముఖద్వారం: ఏ మార్పు ముదురుతుందో చెప్పే గుర్తుల వెనుక కథ

తెల్లబట్ట తగ్గడం లేదని వెళ్లిన స్త్రీకి, గర్భసంచికి పుండు పడిందనీ వదిలేస్తే క్యాన్సర్ అవుతుందనీ చెప్పి ఆపరేషన్‌కు ఒప్పించడం కోనసీమలోనూ భీమవరం, నరసాపురం వైపూ చాలా ఇళ్లకు తెలిసిన సంగతే. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15–49 ఏళ్ల స్త్రీలలో 8.7 శాతం మందికి గర్భసంచి తొలగించారు. దేశ సగటు 3.3 శాతమే. ఇవన్నీ క్యాన్సర్ భయంతో జరిగినవని అనలేం. అయితే ఎర్రగా కనిపించే ఆ పుండు చాలామందిలో గర్భసంచి ముఖద్వారం లోపలి పొర బయటకు కనబడటమే తప్ప రోగం కాదు. నిజంగా మారిన కణాలున్నా, వాటిలో ఎక్కువ భాగం క్యాన్సర్ దాకా పోవు.

ఆ తేడా పట్టడానికి మొదట కన్నే ఆధారం. 1925లో జర్మనీలో హిన్సెల్‌మన్ ముఖద్వారాన్ని పెద్దదిగా చూపే కాల్పోస్కోప్‌ను, 1941లో అమెరికాలో పాపనికొలావ్, ట్రాట్ అక్కడి కణాలను గీకి తీసి సూక్ష్మదర్శినిలో చూసే స్మియర్ పరీక్షను ముందుకు తెచ్చారు. 1960ల చివర్లో రిచర్ట్ అనే పాథాలజిస్టు క్యాన్సర్‌కు ముందరి ఈ మార్పులను, తక్కువ నుంచి ఎక్కువకు, సీఐఎన్ 1, 2, 3 అనే మెట్లుగా విభజించారు. ఇబ్బందంతా నడిమి మెట్టు దగ్గరే: ఒకే బయాప్సీని (పరీక్షకు తీసిన చిన్న ముక్కను) చూసి ఇద్దరు పాథాలజిస్టులు రెండు మాటలు చెప్పడం మామూలు, పైగా సీఐఎన్ 2లో దాదాపు సగం రెండేళ్లలో దానంతటదే తగ్గిపోతుంది.

1983లో హెచ్‌పీవీ అనే వైరస్‌లో 16వ రకాన్నీ, మరుసటి ఏడు 18వ రకాన్నీ హరాల్డ్ త్సుర్ హౌసెన్ బృందం ఈ క్యాన్సర్ కణితుల్లో గుర్తించాక ప్రశ్న కంటి నుంచి కణం లోపలికి మళ్లింది. వైరస్‌లోని ఈ6 ప్రోటీన్ చెడిన కణాన్ని ఆపే పీ53 అనే ప్రోటీన్‌ను నాశనం చేయిస్తుంది, ఈ7 ప్రోటీన్ కణ విభజనకు అడ్డుకట్టయిన ఆర్‌బీ అనే ప్రోటీన్‌ను పనికిరాకుండా చేస్తుంది. దాంతో విభజనను ఆపవలసిన పీ16 అనే ప్రోటీన్ కణంలో పేరుకుపోతుంది గానీ, లాకు తలుపులు విరిగాక ఎందరు లస్కర్లు వచ్చినా నీరు ఆగనట్టే, అది దేన్నీ ఆపలేదు. ఈ వృథా పోగే పాథాలజిస్టుకు గుర్తుగా అక్కరకొచ్చింది. సీఐఎన్ 2 అవునా కాదా అన్న సందేహం వస్తే పీ16ను రంగు వేసి చూడాలని 2012లో అమెరికా పాథాలజిస్టుల సంఘాలు సూచించాయి. ఆరోగ్యంగా ఉన్న కణంలో ఆగమనే పీ16, విభజన సాగుతోందని తెలిపే కేఐ-67 ఒకేసారి కనిపించవు గనుక, రెండూ కలిసి కనబడితే అనుమానం గట్టిపడుతుంది.

మన దేశంలో గట్టి సాక్ష్యం మహారాష్ట్రలోని ఉస్మానాబాద్ (ఇప్పటి ధారాశివ్) జిల్లా నుంచి వచ్చింది. సుమారు 1.3 లక్షల మంది స్త్రీలపై సాగి 2009లో వెలువడిన ఆ అధ్యయనంలో, ఒక్కసారి హెచ్‌పీవీ పరీక్ష జరిపిన వర్గంలో ఈ క్యాన్సర్ మరణాలు దాదాపు సగానికి తగ్గాయి. ఆ పరీక్ష వైరస్ ఉందని చెబుతుందే గానీ మార్పు ఎంత ముదిరిందో చెప్పదు. అందుకే కణం ముదిరేకొద్దీ ఎఫ్‌ఏఎమ్19ఏ4 వంటి జన్యువులపై పేరుకునే రసాయన గుర్తులను, అంటే మిథైలేషన్‌ను, కొలిచే పరీక్షలు తర్వాత వచ్చాయి.

2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ 30 ఏళ్లు దాటినవారికి హెచ్‌పీవీ డీఎన్ఏ పరీక్షనే తొలి పరీక్షగా సిఫారసు చేసింది. నమూనాను స్త్రీలు స్వయంగా తీసుకోవచ్చు. 2016 నాటి కేంద్ర మార్గదర్శకాలు మాత్రం ఎసిటిక్ ఆమ్లం పూసి కంటితో చూసే పద్ధతిని 30–65 ఏళ్లవారికి సూచించాయి. ముట్లుడిగాక, లోపలి, బయటి పొరలు కలిసే, మార్పులు మొదలయ్యే అంచు లోపలికి జరిగిపోతుంది కాబట్టి, యాభై దాటిన చాలామందిలో ఎంత నేర్పరి కన్నయినా దాన్ని చూడలేదు.