మొదటి ఎయిర్ రైఫిల్ కొనేముందు: వేగం అంకె చుట్టూ అల్లుకున్న అపోహలు, వాస్తవాలు

పోయిన నెల ఒక తండ్రీ కూతురూ నేను నేర్పించే షూటింగ్ రేంజికి వచ్చారు. అమ్మాయికి పద్నాలుగేళ్లుంటాయి. ఆయన చేతిలో రైఫిల్ పెట్టె.

"మేడమ్, మూడు వారాల నుంచి రోజూ ప్రాక్టీస్ చేస్తోంది. రెండు పెల్లెట్లు ఒకచోట పడట్లేదు. మా అమ్మాయికి చేతులు వణుకుతాయండీ. ఈ ఆట మాకు పడదేమో" అన్నాడాయన. అమ్మాయి తల వంచుకుని నిలబడింది.

నేను పెట్టె వైపు చూశాను. దాని మీద అన్నిటికంటే పెద్ద అక్షరాల్లో ఉన్నది కంపెనీ పేరు కాదు, మోడల్ పేరూ కాదు, పెల్లెట్ (ఎయిర్ రైఫిల్‌లో వేసే చిన్న సీసం గుండు) వేగం. ఇక అడగాల్సింది ఏమీ కనపడలేదు.

ఇన్నేళ్లుగా కొత్తవాళ్లకు నేర్పిస్తున్నాను. మొదటి రైఫిల్ విషయంలో జనం వినే పుకార్లు చాలా ఉన్నాయి. వాటిలో చాలావరకు ఓ పదిహేను రోజులు ఇబ్బంది పెట్టి వదిలేసేవే. ఒక్కటి మాత్రం డబ్బుతో పాటు మనిషి నమ్మకాన్ని కూడా తినేస్తుంది. ముందు దాని సంగతి చూద్దాం.

అపోహ: పవర్ ఎక్కువుంటే గురి బాగా కుదురుతుంది. వేగంగా పోయే పెల్లెట్ తిన్నగా పోతుంది.

వాస్తవం: కాగితానికి గురిపెట్టే ఆటలో ఇది దాదాపు తలకిందులు.

ప్రపంచస్థాయి పోటీల్లో వాడే 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ నుంచి పెల్లెట్ సెకనుకు సుమారు 170, 175 మీటర్ల వేగంతో వస్తుంది. అంటే ధ్వని వేగంలో సగం. ఆ పెల్లెట్‌లో ఉండే శక్తి 8 జౌళ్ల దరిదాపుల్లో ఉంటుంది. ఆ కాస్త శక్తితోనే ఆ ఆటగాళ్లు అర మిల్లీమీటరు చుక్కని కొడుతున్నారు. అవును, 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ టార్గెట్‌లో పది పాయింట్ల చుక్క వ్యాసం 0.5 మిల్లీమీటర్లే. పెల్లెట్ వ్యాసం 4.5 మిల్లీమీటర్లు. నడిమధ్య తగిలితే చుక్క పూర్తిగా ఎగిరిపోతుంది, చూద్దామన్నా కనపడదు. అంత సూక్ష్మమైన పని చేసే రైఫిల్‌కి ఆ వేగం చాలినప్పుడు, మొదటిసారి పట్టుకునేవాళ్లకి దానికి రెట్టింపు వేగం దేనికి? గోటితో పోయేదానికి గొడ్డలి ఎత్తడమే అది.

గొడ్డలి ఎత్తితే జరిగే నష్టం కూడా చెప్తాను. కొత్తవాళ్లు కొనేవి ఎక్కువగా స్ప్రింగ్ రైఫిళ్లు. బ్యారెల్ వంచినప్పుడు లోపల బలమైన స్ప్రింగ్ నొక్కుకుంటుంది. ట్రిగ్గర్ లాగగానే అది బరువైన పిస్టన్‌ని ముందుకి విసురుతుంది, రైఫిల్ వెనక్కి తంతుంది. పిస్టన్ సిలిండర్ చివరికి చేరి ఆగేసరికి రైఫిల్ ముందుకి గుంజుకుంటుంది. పెల్లెట్ ఇంకా బ్యారెల్ దాటి బయటికి రాకముందే రైఫిల్ ఇలా కదిలిపోతూ ఉంటుంది. స్ప్రింగ్ ఎంత బలమైనదైతే ఆ కుదుపు అంత ఎక్కువ. ఆ కుదుపులో బ్యారెల్ ఎటు తిరిగిందన్నది మీరు రైఫిల్‌ని ఎలా పట్టుకున్నారన్న దాన్ని బట్టి ఉంటుంది. ఎడమ చెయ్యి ఒక అంగుళం ముందుకి జరిగినా, పట్టు కాస్త బిగిసినా, చెంప కొంచెం గట్టిగా ఆన్చినా పెల్లెట్ వేరే చోట పడుతుంది. ఏళ్ల తరబడి కొట్టినవాళ్లు ప్రతిసారీ ఒకేలా, వదులుగా, అరచేతి మీద ఊరికే ఆనించి పట్టుకుంటారు. మొదటి నెలలో అది ఎవరికి వస్తుంది?

దీనికి తోడు, బలమైన స్ప్రింగ్‌ని ప్రతి షాట్‌కీ వంచాలి. ఇరవై షాట్లు అయ్యేసరికి భుజం, మణికట్టు లాగేస్తాయి. అలసిన చెయ్యి వణుకుతుంది. ఇంట్లోవాళ్లు ఆ వణుకు చూసి "నీకు పడదు" అంటారు.

పెట్టె మీది అంకె సంగతి కూడా తెలుసుకోండి. ఆ వేగం చాలాసార్లు బాగా తేలికైన లోహపు పెల్లెట్‌తో కొలిచింది. మీరు మామూలు సీసం పెల్లెట్ వేస్తే అంత రాదు. తేలిక పెల్లెట్ వేసి ఆ వేగం రాబట్టినా లాభం లేదు, నష్టమే ఉంది. ధ్వని వేగం సెకనుకు సుమారు 340 మీటర్లు. ఆ వేగానికి దగ్గరగా పోయే పెల్లెట్ గాలిలో నిలకడ తప్పుతుంది. పాయింట్ టూ టూ రైఫిల్‌తో (ఇది గాలితో కాదు, మందుగుండు తూటాలతో పేలేది) 50 మీటర్లు కొట్టేవాళ్లు మ్యాచ్‌ల కోసం హైస్పీడ్ తూటాలు కాకుండా ధ్వని వేగానికి లోపల ఉండే తూటాలు ఎంచుకునేది కూడా ఇలాంటి కారణాలతోనే. అక్కడ ఇంకో ముచ్చట ఉంది: హైస్పీడ్ తూటాని పక్కగాలి ఎక్కువగా నెడుతుంది. వేగంగా పోతే గాలి తక్కువ పట్టించుకుంటుందని అనుకుంటాం కదా, ఆ తూటా విషయంలో జరిగేది దానికి విరుద్ధం.

ఇదంతా పుస్తకం చదివి చెప్పడం లేదు. నా మొదటి రైఫిల్ కూడా అంకె చూసి కొన్నదే. దాచుకున్న డబ్బంతా పెట్టి తెచ్చుకున్నాను. ఎనిమిది నెలలు దానితో కుస్తీ పట్టాను. ఆడలేక మద్దెల ఓడు అంటారేమోనని భయపడి, రైఫిల్ మీద ఒక్క మాట అనలేదు. మద్దెల నిజంగానే ఓటిదై ఉండొచ్చని ఊహ కూడా రాలేదు. రోజూ ఇంటికొచ్చి డైరీలో నా తప్పులే రాసుకునేదాన్ని. ఒకరోజు క్లబ్‌లో పెద్దాయన ఒకరు, అప్పటికి నాతో పెద్దగా మాట్లాడినవాడు కాదు, తన పాత గాలి సిలిండర్ రైఫిల్ నా చేతికిచ్చి "అయిదు కొట్టమ్మా" అన్నారు. కొట్టాను. తంతుందని భుజం బిగపట్టుకుని ఉన్నాను, అది కదలనే లేదు. చిన్న చప్పుడు, అంతే. కాగితం దగ్గరికి లాగి చూస్తే ఒకటే చిరుగు, బొటనవేలి గోరంత. మిగతా నాలుగూ కాగితానికి తగల్లేదేమో అనుకుని చుట్టూ వెతికాను. ఆయన కాగితాన్ని వెలుతురుకి ఎత్తి పట్టి, ఆ చిరుగు అంచున ఉన్న వంపులు వేలితో చూపిస్తూ ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టారు. అయిదూ అక్కడే ఉన్నాయి. ఏడుపొచ్చింది. ఎనిమిది నెలలు నన్ను నేనే తిట్టుకున్నాను కదా అని.

అందుకే ఆ అమ్మాయికి కూడా మాటలేమీ చెప్పకుండా క్లబ్ రైఫిల్ ఇచ్చాను. స్టాండ్ మీద ఆనించి అయిదు షాట్లు. ఆమె కాగితం ఇప్పటికీ నా డెస్కు అద్దం కింద ఉంది. తండ్రి చాలాసేపు దాన్నే చూస్తూ ఉండిపోయారు.

మొదటి రైఫిల్‌కి ఏది మేలంటే నా మాట ఇది: తక్కువ పవర్, తక్కువ కుదుపు. ముందే గాలి నింపిన సిలిండర్ ఉండే పీసీపీ రైఫిల్‌లో ఆ బలమైన స్ప్రింగ్ లేదు, పిస్టన్ లేదు, రీకాయిల్, అంటే ఆ తన్నుడు, దాదాపు లేనట్టే. సిలిండర్‌ని మోడల్‌ని బట్టి 200 లేదా 300 బార్ ఒత్తిడి దాకా నింపాలి, దానికి పంపో ట్యాంకో కావాలి, ఆ ఖర్చు ముందే లెక్కలో వేసుకోండి. చేతకాకపోతే మెత్తని, తక్కువ పవర్ స్ప్రింగ్ రైఫిల్ తీసుకోండి. దానితో కూడా బ్రహ్మాండంగా నేర్చుకోవచ్చు. బలమైన స్ప్రింగ్ మాత్రం వద్దు.

అపోహ: రైఫిల్ మంచిదైతే చాలు, మనిషికి సరిపోవడం అనేది పోటీలవాళ్ల గోల.

వాస్తవం: పెద్దవాళ్ల కొలతకి చేసిన స్టాక్‌ని (భుజానికి, చెంపకి ఆన్చి పట్టుకునే భాగాన్ని) చిన్నపిల్ల పట్టుకుంటే ఏమవుతుందో చూడండి. ట్రిగ్గర్ అందదు కాబట్టి భుజం ముందుకి తోస్తుంది, బరువు మోయలేక నడుము వెనక్కి వంచుతుంది, సైట్ (గురి చూసే అమరిక) కనపడక మెడ సాగదీస్తుంది. ఆ భంగిమే అలవాటైపోతుంది. తర్వాత దాన్ని మాన్పించడానికి నాకు ఏడాది పడుతుంది, పిల్లకి నడుంనొప్పి మిగులుతుంది.

కొనేముందు ఒక చిన్న పరీక్ష చేయండి. రైఫిల్ ఖాళీగా ఉందని మీ కళ్లతో చూసి నిర్ధారించుకోండి. మజిల్‌ని, అంటే బ్యారెల్ మూతిని, టార్గెట్ దిక్కుకే ఉంచి, కళ్లు మూసుకుని, హాయిగా భుజానికి ఆన్చి చెంప వాల్చండి. ఇప్పుడు కళ్లు తెరవండి. సైట్ కంటికి ఎదురుగా ఉంటే స్టాక్ మీది. తల ఎత్తాల్సి వచ్చినా, దించాల్సి వచ్చినా అది మీది కాదు, లేదా సర్దాలి. చీక్ పీస్ (చెంప ఆనే ముక్క), బట్ ప్లేట్ (భుజానికి ఆనే పలక) జరుపుకునే వీలున్న స్టాక్ అయితే ఎదిగే పిల్లలకి ఎన్నేళ్లయినా పనికొస్తుంది. స్కోప్ మీద పెట్టే డబ్బు దీని మీద పెట్టండి అని వందసార్లు చెప్పి ఉంటాను.

అపోహ: స్కోప్ లేకపోతే గురి కుదరదు.

వాస్తవం: ప్రపంచస్థాయి 10 మీటర్ల పోటీల్లో స్కోప్‌కి అనుమతే లేదు, అందరూ పీప్ సైట్‌తోనే, అంటే చిన్న రంధ్రంలోంచి చూస్తూనే కొడతారు. స్కోప్ సరదాగా ఉంటుంది, కంటిచూపు తగ్గినవాళ్లకి సాయం చేస్తుంది, కాదనను. కానీ దూరాల కోసం చేసిన స్కోప్‌ని 10 మీటర్లకి పెడితే బొమ్మ మసకగా ఉంటుంది, కన్ను కాస్త పక్కకి జరిగితే గురి కూడా జరుగుతుంది. దగ్గర దూరానికి ఫోకస్ తిప్పుకునే వీలుందో లేదో చూడండి. స్ప్రింగ్ రైఫిల్ అయితే ఆ రెండువైపుల కుదుపుని తట్టుకుంటుందని రాసి ఉన్న స్కోపే తీసుకోవాలి. మామూలు స్కోపులు లోపల విరిగిపోతాయి.

అపోహ: చేతులు వణికేవాళ్లు, కళ్లద్దాలవాళ్లు, వయసు పైబడినవాళ్లు ఈ జోలికి రాకూడదు.

వాస్తవం: సైట్ ఎవరికీ రాయిలా నిలబడదు. ఛాంపియన్లకీ కదులుతుంది, కాకపోతే చిన్న వలయంలో కదులుతుంది. సాధనతో ఆ వలయం చిన్నదవుతుంది. కళ్లద్దాలు పెట్టుకునే కొట్టొచ్చు. టెన్షన్ పడుతూ ఫోన్ చేసే పెద్దవాళ్లందరికీ నేను చెప్పేది ఒకటే, ఒకసారి వచ్చి స్టాండ్ మీద ఆనించి పది షాట్లు కొట్టి చూడండి, ఆ తర్వాత మాట్లాడుకుందాం.

ఇంక మిగతావి గబగబా.

బరువైన రైఫిల్ కొంటే నిలకడ వస్తుందంటారు. బరువు కుదుపుని తగ్గిస్తుంది, నిజమే, కానీ మోయగలిగినంత వరకే. పోటీల్లో ఎయిర్ రైఫిల్ బరువుకి గరిష్ఠ పరిమితి 5.5 కిలోలు. మీరు అంత దాకా పోనక్కర్లేదు.

బ్యారెల్ పొడుగుంటే గురి బాగుంటుందనేది కూడా ఒట్టిమాట.

కుడిచేతివాళ్లంతా కుడికంటితోనే చూస్తారనుకోకండి. రెండు చేతుల మధ్య చిన్న సందు చేసి, రెండు కళ్లూ తెరిచి దూరంగా ఉన్న వస్తువుని అందులోంచి చూడండి. ఒక్కో కన్నూ మూస్తే ఏ కంటికి అది నిలిచిందో తెలుస్తుంది. రెండో కన్ను బలమైనదని తేలితే కంగారు వద్దు, దానికి ఉపాయాలున్నాయి. కాకపోతే కొనేముందు తెలియాలి, కుడి స్టాకో ఎడమ స్టాకో తేల్చేది అదే.

సెకండ్ హ్యాండ్ అంటే అరిగిపోయిందని భయపడతారు. సీసం మెత్తన, ఎయిర్ రైఫిల్ బ్యారెల్ అంత తొందరగా అరగదు. సీళ్లు మార్పించుకోవచ్చు. చూడాల్సింది గాలి సిలిండర్ మీది తయారీ తేదీ. కంపెనీని బట్టి వాటికి 10 ఏళ్లు, కొన్నింటికి 20 ఏళ్లు అని గడువు ఉంటుంది. గడువు దాటిన సిలిండర్‌లో గాలి నింపించుకోకండి, ఎంత చవగ్గా ఇస్తామన్నా సరే.

ఖరీదైన పెల్లెట్లే మంచివనేది సగం నిజం. ఒక్కో బ్యారెల్‌కి ఒక్కో పెల్లెట్ నచ్చుతుంది. నాలుగైదు రకాల డబ్బాలు తెచ్చుకుని, ఒక్కో రకంతో రెండేసి గ్రూపులు (ఒకే గురికి వరసగా కొన్ని షాట్లు) కొట్టి, కాగితాల మీద పేర్లు రాసిపెట్టుకోండి. కాగితానికి చదును తల పెల్లెట్లు, అవి గుండ్రంగా, శుభ్రంగా చిల్లు చేస్తాయి. పెల్లెట్ వెనక అంచు నొక్కుకుపోయి ఉంటే పక్కన పడేయండి.

ఇంట్లో ఖాళీ రైఫిల్‌తో ట్రిగ్గర్ సాధన చేయొచ్చని ఎవరో చెప్పారంటారు. స్ప్రింగ్ రైఫిల్‌లో పెల్లెట్ లేకుండా వదిలితే పిస్టన్‌కి అడ్డుపడే గాలి మెత్త ఉండదు, నేరుగా సిలిండర్ చివరి గోడకి కొట్టుకుంటుంది, స్ప్రింగూ సీలూ పోతాయి. పాయింట్ టూ టూలో పిన్ను చాంబర్ అంచుని కొడుతుంది. మ్యాచ్ రైఫిళ్లకి చాలావాటికి దీనికోసమే ప్రత్యేకమైన మీట ఉంటుంది, అది ఉంటే నిశ్చింతగా చేసుకోండి.

ఇక ఎయిర్ రైఫిల్ బొమ్మ తుపాకీ అనే మాట నా ముందు ఎవరన్నా ఊరుకోను. దానితో కన్ను పోతుంది. ఎప్పుడూ గుళ్లు ఉన్నట్టే పట్టుకోవాలి, మజిల్ మనిషి వైపు తిరగకూడదు, గురి కుదిరేదాకా వేలు ట్రిగ్గర్ మీదికి పోకూడదు. ఇనుప రేకుకి కాగితం అంటించి కొట్టకండి, పెల్లెట్ వెనక్కి వస్తుంది. సరైన పెల్లెట్ ట్రాప్ పెట్టుకోండి. మీ దగ్గర లైసెన్స్ రూల్స్ ఏమిటో క్లబ్‌లో అడిగి, ఆ తర్వాతే కొనండి.

కొట్టడం అయ్యాక చేతులు సబ్బుతో కడుక్కోండి, పెల్లెట్లు సీసం. ఆ అమ్మాయికి మొదటిరోజు నేర్పిన రెండో పాఠం ఇదే. ఇప్పుడు వాళ్ల నాన్నని కూడా కుళాయి దాకా లాక్కెళ్తోంది, ఆయన కూడా కొట్టడం మొదలుపెట్టారు కాబట్టి.