మోడల్ ఇంజిన్‌కి ఏ లోహం? అపోహలు - వాస్తవాలు

చిన్న మోడల్ ఇంజిన్లు చేసేవాళ్లు నా దగ్గరికి ఎక్కువగా తెచ్చేది పట్టేసిన పిస్టన్. ఏం లోహం వాడారని అడిగితే జవాబు దాదాపు ఒకటే: "స్టెయిన్‌లెస్ అండి. గట్టిది, తుప్పు పట్టదు కదా అని పిస్టన్, సిలిండర్ రెండూ దాంతోనే చేశాను."

అపోహ: లోహం ఎంత గట్టిదైతే ఇంజిన్ అంత మన్నుతుంది.

వాస్తవం: ఏది దేనిమీద రాసుకుంటోందో చూడాలి. స్టెయిన్‌లెస్‌ని కాపాడేది పైనున్న పల్చటి ఆక్సైడ్ పొర. రాపిడికి అది లేచిపోతే రెండు లోహాలూ ఒకదానికొకటి అతుక్కుంటాయి, చిన్న ముక్క పెకలి వస్తుంది, అది ఇంకో గీత గీస్తుంది. నూనె పోసినా ఎక్కువసేపు ఆగదు.

ఈమధ్య ఒక కుర్రాడు అలాంటిదే తెచ్చాడు. పిస్టన్ని ప్రెస్ మీద పెట్టి తోయాల్సి వచ్చింది. సిలిండర్ గోడ మీద నిలువునా గీతలు, ఒక్కో గీత చివర గోరుకి తగిలేంత బుడిపె. "నాకు లేత్ పని రాదేమోనండి" అన్నాడు. బోర్ (సిలిండర్ లోపలి రంధ్రం) కొలిచాను. పైనుంచి కింది దాకా ఎక్కడా తేడా లేదు! అంత చక్కగా పనిచేసినవాడు ఎవరో చెప్పిన మాట నమ్మి నెలల కష్టం పోగొట్టుకున్నాడు. బోర్ పెద్దది చేసి లోపల కాస్ట్ ఐరన్ (పోత ఇనుము) లైనర్, అంటే గొట్టంలాంటి తొడుగు, దిగ్గొట్టాం, పిస్టన్ కూడా కాస్ట్ ఐరనే. ఇప్పుడు హాయిగా తిరుగుతోంది.

అదేంటి, రెండూ ఒకే లోహం కదా అంటారు. కాస్ట్ ఐరన్‌లో గ్రాఫైట్ రేకులుంటాయి. అవే కొంత కందెనగా పనిచేస్తాయి, నూనెనూ పట్టి ఉంచుతాయి. "ఒకే లోహం అస్సలు వాడకూడదు" అన్నది ఇంకో పుకారు.

అపోహ: పిస్టన్ ఎంత బిగుతుగా ఉంటే కంప్రెషన్ అంత బాగుంటుంది.

వాస్తవం: వేడెక్కాక ఎంత బిగుస్తుందో లెక్క వేయండి. అల్యూమినియం వ్యాకోచం కాస్ట్ ఐరన్‌కి సుమారు రెట్టింపు. 20 మి.మీ. కాస్ట్ ఐరన్ బోర్‌లో అల్యూమినియం పిస్టన్ ఉండి, రెండూ 150 డిగ్రీలు వేడెక్కితే క్లియరెన్స్ (మధ్యలో ఉండే ఖాళీ) దాదాపు 0.035 మి.మీ. తగ్గిపోతుంది. నిజానికి పిస్టన్ ఇంకా ఎక్కువ వేడెక్కుతుంది. ఏబీసీ రకం (అల్యూమినియం పిస్టన్, క్రోమ్ పూత వేసిన ఇత్తడి స్లీవ్) గ్లో ఇంజిన్లు వేరు. వాటి స్లీవ్, అంటే సిలిండర్ గొట్టం, లోపలి రంధ్రం పైకొచ్చేసరికి కాస్త ఇరుకవుతుంది, చల్లగా ఉన్నప్పుడు పిస్టన్ అక్కడ బిగుసుకోవడం సహజం. అది చూసి టెన్షన్ పడి ఎమరీ పేపర్ తీయకండి.

అపోహ: బోర్ అద్దంలా మెరవాలి. వాస్తవం: పిస్టన్‌కి రింగులుంటే అక్కర్లేదు, నూనె నిలవడానికి సన్నటి అడ్డగీతలు కావాలి. రింగుల్లేని లాప్డ్ (సిలిండర్‌కి సరిగ్గా సరిపోయేలా సన్నటి పొడితో అరగదీసిన) పిస్టన్‌కైతే నున్నగానే ఉండాలి.

అపోహ: ఆవిరి ఇంజిన్‌కైతే బాయిలర్ ఇత్తడితో చేసి మామూలు సోల్డర్‌తో అతికిస్తే చాలు.

ఇది మాత్రం ప్రాణాల మీదకి తెస్తుంది. వేడి నీటికి ఇత్తడిలోని జింక్ పోయి లోహం గుల్లవుతుంది. తగరం-సీసం సోల్డర్ 183 డిగ్రీలకే కరగడం మొదలవుతుంది, 5 బార్ ప్రెషర్‌లో ఆవిరేమో 159 డిగ్రీల దాకా ఉంటుంది. నీళ్లు తగ్గితే అతుకు ఊడుతుంది. రాగి రేకు, సిల్వర్ సోల్డర్ (వెండి కలిసిన, చాలా ఎక్కువ వేడికి గానీ కరగని సోల్డర్) వాడండి. మొదటిసారి ఆవిరి పెట్టేముందు బాయిలర్ నిండా నీళ్లు నింపి, గాలి లేకుండా చూసి, పనిచేసే ప్రెషర్‌కి రెండింతలు పెట్టి పరీక్షించండి. ఏ అతుకు దగ్గర చెమర్చినా మంట పెట్టొద్దు.