వాల్వు జబ్బులా కనిపించే గడ్డ

గుండెలో గడ్డ ఉందంటే మన వైపు, అంటే దక్షిణ ఒడిశాలోని తెలుగువాళ్ళ ఇళ్ళల్లో ముందు వచ్చే ప్రశ్న ఒకటే: కేన్సరా? పర్లాకిమిడిలో అయినా, గుణుపురంలో అయినా, బరంపురం పెద్దాసుపత్రి వరండాలో అయినా ఇదే ప్రశ్న. నిజానికి గుండెలోనే పుట్టే గడ్డల్లో దాదాపు ముప్పాతిక వంతు కేన్సర్ కానివే. గుండెలో కనిపించే కేన్సర్లు చాలావరకు ఊపిరితిత్తుల నుంచో, రొమ్ము నుంచో పాకి వచ్చినవి. అక్కడే సొంతంగా పుట్టే గడ్డలు మాత్రం బాగా అరుదు. శవపరీక్షల లెక్క చూస్తే పది వేల మందిలో ఇద్దరు ముగ్గురికి మించి ఉండవు.

వాటిలో మిక్సోమా అనే గడ్డ గురించి, అంత అరుదైనదైనా, తెలుసుకోవడం ఎందుకంటే, గజపతి, రాయగడ, కోరాపుట్ జిల్లాల్లో మామూలుగా కనిపించే జబ్బుల చాటున ఇది ఏళ్ళ తరబడి దాక్కోగలదు. దొరికితే మాత్రం ఒక్క ఆపరేషన్‌తో దాదాపుగా నయమైపోతుంది. గుండె జబ్బుల్లో ఈ మాట ధైర్యంగా చెప్పగలిగేవి ఎక్కువ లేవు.

పెద్దవాళ్ళలో ఎక్కువగా వచ్చేది మిక్సోమా. ముప్పై, అరవై ఏళ్ళ మధ్య వాళ్ళలో, మగవాళ్ళకంటే ఆడవాళ్ళలో ఎక్కువ. నాలుగింట మూడు ఎడమ కర్ణికలోనే, అంటే గుండె పై గదిలోనే ఉంటాయి. తల్లి కడుపులో ఉన్నప్పుడు రెండు కర్ణికల మధ్య గోడలో ఒక దారి ఉంటుంది, పుట్టాక మూసుకుంటుంది. సాధారణంగా ఆ మూసుకున్న చోటే ఒక కాడ పుట్టి, దాని చివర గడ్డ వేలాడుతుంది. అయిదారు సెంటీమీటర్లు పెరగడం మామూలే. చూడ్డానికి లేత తాటిముంజలా మెత్తగా, జిగురుగా ఉంటుంది, ముట్టుకుంటే విరిగేలా. దీనివల్ల వచ్చే ప్రమాదంలో సగం ఆ మెత్తదనం వల్లే.

గుండె కొట్టుకున్నప్పుడల్లా కాడమీది గడ్డ కదులుతుంది. కర్ణిక నుంచి కింది గది అయిన జఠరికలోకి రక్తం దిగే సమయానికి అది ఆ రెంటి మధ్య ఉండే మైట్రల్ వాల్వు నోట్లోకి జారి దారికి అడ్డం పడుతుంది. రక్తం వెనక్కి తన్ని ఊపిరితిత్తుల్లో నిలుస్తుంది, మనిషికి ఆయాసం వస్తుంది. పూర్తిగా అడ్డుపడితే కళ్ళు తిరిగి పడిపోతారు. ఒక్కోసారి ప్రాణమే పోతుంది. గడ్డలోంచి చిన్న ముక్క తెగి రక్తంతో పాటు మెదడుకు చేరితే పక్షవాతం, కాలి రక్తనాళానికి చేరితే కాలు చల్లబడి నల్లబడటం. పైగా కొన్ని మిక్సోమాలు ఇంటర్‌ల్యూకిన్-6 అనే పదార్థాన్ని రక్తంలోకి వదులుతాయి. దాంతో సన్నజ్వరం, బరువు తగ్గడం, నీరసం, రక్తం తగ్గడం, ఈఎస్‌ఆర్ (ఒంట్లో వాపును పట్టిచ్చే రక్తపరీక్ష) పెరగడం.

ఇప్పుడు ఈ లక్షణాలన్నీ మన జిల్లాల్లో ఉన్న ఒక మనిషి మీద పెట్టి చూడండి. జ్వరం ఉందంటే ముందు మలేరియా పరీక్ష చేస్తారు. బరువు తగ్గితే టీబీ అనుమానం. రక్తం తక్కువైతే వంశపారంపర్యంగా వచ్చే రక్తపు జబ్బు సికిల్ సెల్ ఉందేమో చూస్తారు. నలభై ఏళ్ళ ఆడమనిషికి ఆయాసం, దడ ఉంటే చిన్నప్పటి కీళ్ళజ్వరం వల్ల వాల్వు సన్నబడిందనుకుంటారు. ఇక్కడ ఆ అనుమానాలేవీ తప్పు కావు. వంద మందిలో తొంభై తొమ్మిది మందికి పైగా అవే నిజమవుతాయి. స్టెతస్కోప్ పెడితే వినిపించే శబ్దం సైతం సన్నబడ్డ వాల్వుకీ, మిక్సోమాకీ ఇంచుమించు ఒకటే. ఎక్స్‌రేలో కర్ణిక పెద్దదై కనిపించడమూ అంతే. ఈసీజీ పెద్దగా తేడా చెప్పదు. అలా ఒక మనిషి కీళ్ళజ్వరం మళ్ళీ రాకుండా మూడు వారాలకోసారి పెన్సిలిన్ ఇంజక్షన్ వేయించుకుంటూ, లోపల గడ్డతో తిరుగుతుండవచ్చు.

పాతకాలపు వైద్యులు అడిగే ప్రశ్న ఒకటి నాకు ఇష్టం: “ఏ పక్కకి తిరిగి పడుకుంటే ఆయాసం ఎక్కువవుతోందమ్మా?” కాడమీద గడ్డ కాబట్టి, ఒళ్ళు తిరిగే తీరునిబట్టి అది వాల్వుకు అడ్డం రావడమూ, తొలగడమూ ఉంటుంది. “ఎడం పక్కకి తిరిగితే ఊపిరాడదు బాబూ, లేచి కూర్చుంటే తేలిక” అనే జవాబు వస్తే అనుమానించాలి. అందరిలోనూ ఇలా ఉండదు. కానీ ఈ ప్రశ్నకు ఖర్చేమీ లేదు కదా.

తేల్చేది ఎకో, అంటే గుండెకు చేసే అల్ట్రాసౌండ్ స్కాన్. ఛాతీ మీద జెల్ రాసి చేసే ఈ పరీక్ష అరగంట కూడా పట్టదు, చాలా మిక్సోమాలను పట్టిస్తుంది. అనుమానం మిగిలితే గొంతులోంచి గొట్టం దించి వెనకనుంచి చూసే ఎకో చేస్తారు. అసలు చిక్కు గడ్డకూ, గడ్డకట్టిన రక్తానికీ తేడా తెలుసుకోవడంలో ఉంది. వాల్వు సన్నబడ్డవాళ్ళకి కర్ణికలో రక్తం గడ్డకట్టడం మామూలే. అది ఎక్కువగా కర్ణిక మూలల్లోనో, వెనక గోడకో ఉంటుంది, మిక్సోమా మధ్య గోడకి కాడతో వేలాడుతుంది. తేలకపోతే ఎంఆర్ఐ సాయం చేస్తుంది. మిగతా గడ్డల్లాగా దీన్ని ముందుగా సూదితో ముక్క తీసి పరీక్షించరు, ఆ సూదే ముక్కల్ని రక్తంలోకి వదలగలదు.

ఎకో పుట్టుక కథ సరదాగా ఉంటుంది. 1953లో స్వీడన్‌లోని లుండ్‌లో ఇంగె ఎడ్లర్ అనే వైద్యుడు, హెల్‌ముత్ హెర్ట్స్ అనే భౌతికశాస్త్రవేత్త, ఓడలు కట్టే యార్డులో లోహంలోని లోపాలు వెతికే అల్ట్రాసౌండ్ పరికరాన్ని అరువు తెచ్చి గుండె మీద పెట్టి చూశారు. మరుసటి ఏడాదే, అంటే 1954లో, అదే దేశంలో స్టాక్‌హోమ్‌లో క్లారెన్స్ క్రాఫోర్డ్ అనే సర్జన్, గుండె, ఊపిరితిత్తుల పనిని బయటనుంచి చేసే హార్ట్-లంగ్ మెషిన్ సాయంతో ఎడమ కర్ణిక మిక్సోమాను తొలిసారి విజయవంతంగా తీశాడు. 1959లో జర్మనీలో అల్ట్రాసౌండ్‌తో అలాంటి గడ్డను గుర్తించారు. అంతకుముందు ఈ గడ్డలు దాదాపు శవపరీక్షల్లోనే బయటపడేవి.

దీనికి మందుల్లేవు. దొరికాక ఆపరేషన్‌ను నెలలకు వాయిదా వేయరు. వయసు నలభై దాటితే గుండె రక్తనాళాలు కూడా చూసుకుని థియేటర్‌కి తీసుకెళతారు. ఛాతీ ఎముక మధ్యగా తెరిచి, రక్తం గడ్డకట్టకుండా హెపారిన్ ఇచ్చి, ఒంట్లో రక్తాన్ని హార్ట్-లంగ్ మెషిన్‌కి మళ్ళిస్తారు. గుండె నుంచి ఒంటికి రక్తం తీసుకెళ్ళే మహాధమనికి క్లాంప్ వేశాక పొటాషియం ఉన్న చల్లని ద్రవం ఇస్తే గుండె ఆగుతుంది. అప్పటిదాకా సర్జన్ గుండెను వీలైనంత తక్కువగా ముట్టుకుంటాడు, పిసికితే ముక్క ఎటుపోతుందో చెప్పలేం. తరువాత కర్ణిక తెరిచి, కాడ మొదలున్న గోడ భాగంతో సహా కోసి, గడ్డను వీలైనంతవరకు విరగకుండా తీస్తారు. కాడను మాత్రమే కత్తిరించి వదిలితే మళ్ళీ మొలిచే అవకాశం ఉంది. గోడలో మిగిలిన రంధ్రాన్ని చిన్నదైతే కుట్టేస్తారు, పెద్దదైతే గుండె చుట్టూ ఉండే పొరలోంచి ముక్క తీసి అతుకు వేస్తారు. లోపల శుభ్రంగా కడుగుతారు. గడ్డను ల్యాబ్‌కి పంపితే అక్కడ మిక్సోమా అని ఖాయమవుతుంది.

అనుభవమున్న చోట ఈ ఆపరేషన్‌లో ప్రాణాపాయం నూటికి అయిదు లోపే. మామూలుగా వారం పది రోజుల్లో ఇంటికి పంపుతారు. ఎముక అతకడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది, అందాకా నీళ్ళబిందె, గడ్డిమోపు జోలికి పోకూడదు. లోహపు వాల్వు వేయించుకున్నవాళ్ళు బతికినంతకాలం రక్తం పలచబడే మాత్రలు వేసుకుంటూ పరీక్షలు చేయించుకోవాలి. మిక్సోమా ఒక్కటే తీయించుకున్నవాళ్ళలో ఎక్కువమందికి ఆ బాధ లేదు. జ్వరం, నీరసం వాటంతటవే పోతాయి.

పసిపిల్లల గుండెలో వచ్చేది వేరే రకం, రాబ్డోమయోమా. వయసుతో పాటు చాలావరకు దానంతటదే తగ్గిపోతుంది కాబట్టి అడ్డంకి లేకపోతే కత్తి పెట్టరు.

మన వైపువాళ్ళకి అసలు టెన్షన్ ఉచిత వైద్యం కార్డు దగ్గర మొదలవుతుంది. వైజాగ్ మనకు దగ్గరే, భాష మనదే, కానీ అక్కడి ఆరోగ్యశ్రీ (ఇప్పటి పేరు ఎన్టీఆర్ వైద్య సేవ) ఆంధ్రావాళ్ళది. 2025లో ఒడిశా ఆయుష్మాన్ భారత్‌లో చేరింది కాబట్టి ఆ కార్డు ఉన్నవాళ్ళు బయటి రాష్ట్రాల్లో ఆ పథకం కింద చేరిన ఆసుపత్రులకు వెళ్ళవచ్చు. బస్సెక్కే ముందే ఆసుపత్రికి ఫోన్ చేసి, గుండె ఆపరేషన్‌కి ఆ కార్డు అక్కడ చెల్లుతుందో లేదో అడగాలి. తిరిగి వచ్చేటప్పుడు డిశ్చార్జ్ కాగితం, ల్యాబ్ రిపోర్టు, ఎకో సీడీ మూడూ అడిగి తెచ్చుకోవాలి. గడ్డ మళ్ళీ వచ్చే అవకాశం మామూలుగా నూటికి ఒకటి నుంచి మూడు. వంశపారంపర్యంగా వచ్చే కార్నీ కాంప్లెక్స్‌లో అది ఇంకా ఎక్కువ, కాబట్టి చిన్న వయసులోనే గడ్డ వచ్చినా, పెదాల మీద, కనురెప్పల మీద ముదురు మచ్చలున్నా తోబుట్టువులకీ, పిల్లలకీ ఎకో తీయించాలి. ఏడాదికోసారి చేయించాల్సిన ఎకో కోసం మాత్రం వైజాగ్ దాకా పోనక్కర్లేదు, ఎకో మెషిన్ ఉన్న దగ్గరి ఊళ్ళో చేయించుకుని పాత సీడీతో పోల్చి చూపిస్తే సరిపోతుంది.