57 హెర్ట్జ్ దగ్గర ఊగే గది

పర్లాకిమిడి నుంచి ఒక పాఠకుడి ప్రశ్న: "కొత్తగా శ్లాబు వేయించిన గది. వెడల్పు పది అడుగులు, పొడవు పన్నెండు, ఎత్తు పది. ఇవే స్పీకర్లు పాత పెంకుటింట్లో బాగా పలికాయి. ఇక్కడ బాస్ గిటార్‌లో ఒక స్వరం బూమ్మని లేస్తుంది, పక్క స్వరం వినబడనే వినబడదు. ఈక్వలైజర్‌లో బాస్ తగ్గిస్తే పాట మొత్తం చప్పబడిపోతోంది. ఏం చెయ్యాలి?"

స్పీకర్లలో లోపం లేదు. పెంకులూ వాసాలూ సందుల్లోంచి బాస్‌ని బయటికి వదిలేస్తాయి. ఇటుక గోడ, సిమెంటు శ్లాబు, టైల్స్ దాన్ని లోపలికే తిప్పికొడతాయి. ఎదురెదురు గోడల మధ్య దూరం ధ్వని తరంగదైర్ఘ్యంలో సగానికి సమానమైతే, వెళ్లే అల, తిరిగొచ్చే అల కలిసి అక్కడే నిలబడిపోతాయి. అలా నిలిచిన ఒక్కో ఊపుని గది 'మోడ్' అంటారు. ఇంటర్ ఫిజిక్స్‌లో ఒక చివర మూసిన గొట్టం, రెండు చివరలూ తెరిచిన గొట్టం అంటూ సూత్రాలు బట్టీ పట్టిస్తారు. రెండు చివరలూ మూసిన గొట్టంలోనే పిల్లలు కూర్చుని చదువుతున్నారని ఏ మేష్టారూ చెప్పరు.

లెక్క తేలిక. 28 డిగ్రీల వేడిలో ధ్వని సెకనుకి సుమారు 348 మీటర్లు, అంటే 1142 అడుగులు పోతుంది. కాబట్టి అందులో సగం, 571ని గది కొలతతో, అడుగుల్లో, భాగిస్తే చాలు. పది అడుగులకి 57 హెర్ట్జ్, పన్నెండుకి 47.6. ఈ గదికి వెడల్పూ ఎత్తూ రెండూ పదే కనక 57 దగ్గర రెండు మోడ్‌లు ఒకదాని మీద ఒకటి కూర్చుని గుట్ట కట్టాయి. బాస్ గిటార్‌లో 55 హెర్ట్జ్ స్వరమూ, దాని పైది 58.3 ఉన్నదీ ఈ గుట్ట మీదే పడతాయి. 65.4 దగ్గరున్నది పడదు. పాఠకుడు విన్నది సరిగ్గా ఇదే.

హాల్లో గొలుసులకి వేలాడే ఉయ్యాల బల్లని తలుచుకోండి. దాని ఊపుకి తగ్గట్టు చిన్న తోపు తోస్తూ ఉంటే చాలు, కాసేపటికి గోడకి తగిలేంత ఎత్తు లేస్తుంది. తాళం తప్పి తోస్తే ఎంత బలం పెట్టినా లేవదు. కొక్కేలకి నూనె రాస్తే ఇంకా ఎత్తు ఊగుతుంది, వదిలేశాక ఇంకా సేపు ఊగుతుంది. గట్టి గోడలంటే నూనె రాసిన కొక్కేలే. ఈ గుణానికి ఇంజనీర్లు పెట్టుకున్న అంకె 'క్యూ'. క్యూని 2.2తో హెచ్చించి ఫ్రీక్వెన్సీతో భాగిస్తే, శబ్దం 60 డెసిబెల్స్ పడిపోవడానికి పట్టే సెకన్లు వస్తాయి. 57 హెర్ట్జ్‌కి క్యూ 12 అయితే దాదాపు 0.46 సెకను. గిటారిస్టు తీగ మీంచి వేలు తీసేశాక కూడా అర సెకను పాటు గది ఆ స్వరాన్ని పాడుతూనే ఉంటుందన్నమాట.

ఇప్పుడు ఈక్వలైజర్. ఉయ్యాలని ఆపాలంటే అది మీ వైపు వచ్చేటప్పుడు ఎదురు తోపు ఇవ్వాలి, సమయానికి. సరిగ్గా అమర్చిన పారామెట్రిక్ ఫిల్టరు, అంటే ఏ ఫ్రీక్వెన్సీని ఎంత లోతు, ఎంత వెడల్పు కోయాలో మనమే పెట్టుకునేది, చేసేది అదే. అసలు స్వరం వెనకాలే, దానికి ఎదురు దిశలో ఒక చిన్న తోక పంపిస్తుంది. అది గది ఊపుని పట్టి ఆపుతుంది. అందుకే తక్కువ ఫ్రీక్వెన్సీల్లో, మీరు కూర్చునే చోటికి, ఫిల్టరు ఫ్రీక్వెన్సీ, లోతు, క్యూ మూడూ కుదిరితే గుట్టతో పాటు మోత కూడా తగ్గుతుంది. కుదరకపోతే చెయ్యి తప్పు సమయంలో తగిలినట్టే.

పది మీటల గ్రాఫిక్ ఈక్వలైజర్‌తో ఇది కుదరదు. 62 హెర్ట్జ్ మీట 44 నుంచి 88 దాకా అంతా కిందికి దించేస్తుంది, గుట్ట వెడల్పేమో 5 హెర్ట్జ్‌కి మించదు. పాట చప్పబడింది అందుకే. ముప్పై ఒక్క మీటలున్నా లాభం తక్కువ, మన 57 సరిగ్గా 50కీ 63కీ నడుమ గట్టు మీద పడుతుంది. కావలసింది పారామెట్రిక్ రకం. విండోస్ కంప్యూటర్ నుంచి పాటలు వినేవాళ్లకి ఈక్వలైజర్ ఏపీఓ అనే సాఫ్ట్‌వేర్ ఉచితం. కొలవడానికి రూమ్ ఈక్యూ విజర్డ్ కూడా ఉచితమే, కొలత మైకు మాత్రం కొనుక్కోవాలి.

ముందు ఆంప్లిఫయర్ మీద లౌడ్‌నెస్, బాస్ బూస్ట్ అన్నీ ఆపేయండి. చెవి ఉండే ఎత్తులో మైకు పెట్టి, తక్కువ శబ్దంలో 30 నుంచి 200 హెర్ట్జ్ దాకా ఒక్కొక్క హెర్ట్జ్ పెంచుతూ ఒంటి స్వరం పంపండి. గుట్ట శిఖరం ఎక్కడో రాసుకోండి. దానికి అటూ ఇటూ 3 డెసిబెల్స్ దిగే చోట్లు చూడండి. 54.6, 59.4 అనుకుంటే వెడల్పు 4.8, అంటే 57ని 4.8తో భాగించి క్యూ దాదాపు 12. శిఖరం చుట్టుపక్కల కంటే 11 డెసిబెల్స్ ఎత్తుంటే 9 కోయండి, పక్కన కూర్చునేవాళ్ల మీద కొంచెం దయ ఉండాలి కదా. ఒక్కో ఈక్వలైజర్ క్యూని ఒక్కోలా అర్థం చేసుకుంటుంది, కాబట్టి ఫిల్టరు పెట్టాక మళ్లీ కొలవకుండా నమ్మకండి. మైకు లేకపోతే ఫోన్ యాప్‌తోనూ శిఖరాలు పట్టుకోవచ్చు. ఫోన్ మైకులకి లోతు బాస్ సరిగ్గా వినపడదు గానీ, పక్కపక్క ఫ్రీక్వెన్సీలని పోల్చడానికి పనికొస్తుంది.

స్వరం వినబడకుండా పోయే గుంటల సంగతి వేరు. గది సరిగ్గా మధ్యలో మొదటి మోడ్ పీడనం సున్నా. అక్కడ కుర్చీ వేసుకుని 57ని ఈక్వలైజర్‌తో పైకి నెట్టితే, స్పీకర్ నుంచి వచ్చే అల, గోడ నుంచి వచ్చే అల రెండూ సమానంగా పెరిగి మళ్లీ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. దక్కేది వేడెక్కిన ఆంప్లిఫయరే. 6 డెసిబెల్స్ అంటే నాలుగింతల పవర్, 10 అంటే పదింతలు. పది అడుగుల గదిలో గోడకి నాలుగడుగుల దూరంలో ఈ మోడ్ గోడ దగ్గరికంటే 10 డెసిబెల్స్ తక్కువ, మూడడుగుల్లో 4.6 మాత్రమే తక్కువ. అంటే కుర్చీ ఒక్క అడుగు వెనక్కి జరిపితే 5.6 డెసిబెల్స్ ఊరికే వస్తాయి. స్పీకర్ వెనక గోడ వల్ల వచ్చే గుంటా ఇలాంటిదే. 285ని ఆ దూరపు అడుగులతో భాగించండి. రెండడుగులైతే 143 హెర్ట్జ్ దగ్గర గుంట పడుతుంది. స్పీకరే జరపాలి.

నైరుతి మూల బరువుండాలని వూఫర్ తీసుకెళ్లి అక్కడ పెట్టేవాళ్లున్నారు. నైరుతైనా ఈశాన్యమైనా మూల మూలే. అన్ని మోడ్‌లకీ పీడనం ఎక్కువగా ఉండే చోటు అదే కనక అక్కడ పెట్టిన వూఫర్ అన్నిటినీ ఒకేసారి లేపుతుంది. వాస్తు సంగతి నాకనవసరం, వూఫర్‌ని రెండడుగులు జరపండి.

ఎక్కడిదాకా దిద్దాలి? జర్మన్ ధ్వని శాస్త్రవేత్త మాన్‌ఫ్రెడ్ ష్రోడర్ ఇచ్చిన హద్దు ఉంది. మోత ఆరే సెకన్లని గది ఘనపరిమాణంతో, ఘనమీటర్లలో, భాగించి వర్గమూలం తీసి 2000తో హెచ్చించాలి. ఈ గది 34 ఘనమీటర్లు, అర సెకను మోత, జవాబు సుమారు 240 హెర్ట్జ్. ఆ హద్దు దాటాక తల నాలుగంగుళాలు కదిలిస్తే గ్రాఫు మారిపోతుంది, ఆ గీతల వెంట ఫిల్టర్లతో పరిగెత్తకండి. చప్పట్లు కొడితే ట్ర్ర్‌మని వినిపించే గదికి ఈక్వలైజర్ చేసేదేమీ లేదు. మందపాటి కర్టెన్లు, పుస్తకాల బీరువా, నేల మీద బొంత కావాలి.

బరంపురం, ఇచ్ఛాపురం పాత వీధుల్లో గోడకి గోడ ఆనుకుని వరసగా కట్టిన ఇళ్లలో వెడల్పు ఎనిమిదడుగులు, పొడవు ఇరవై ఉన్న గదైతే మోడ్‌లు 71, 28.5 దగ్గర పడతాయి. 28.5కి చిన్న స్పీకర్లు దిగవు కనక బెంగ లేదు, దాని రెట్టింపు 57 మాత్రం అక్కడా ఉంటుంది. అలాంటి చోట స్పీకర్లని ఇరుకు గోడకే పెట్టి పొడవు వెంట పలికించండి.

ఇంకొకటి, దీన్ని ఎవరూ పట్టించుకోరు. ధ్వని వేగం వేడితో మారుతుంది. 15 డిగ్రీల్లో పది అడుగుల మోడ్ 55.8 దగ్గరుంటుంది, 38 డిగ్రీల్లో 58కి జరుగుతుంది. క్యూ 12 ఫిల్టరుకి ఆ 2.2 హెర్ట్జ్ దాదాపు సగం వెడల్పు. కోరాపుట్ కొండల్లో డిసెంబరు చలికి అమర్చింది మే నెలలో పక్కకి తప్పుతుంది. క్యూని 8కి దించి లోతు కొంచెం తగ్గించండి, లేదా చలికొకటి, ఎండకొకటి రెండు సెట్టింగులు దాచుకోండి.