రోజూ వేసుకునే బిళ్ళే తలనొప్పి తెస్తుంటే

"నొప్పి బిళ్ళలు వాడితే నరాలు చచ్చుబడతాయట కదా సార్?" ఓపీలో ఈ ప్రశ్న వినని వారం లేదు. అడిగినవాళ్ల సంచిలోనే సగం ఖాళీ అయిన షీటు ఉంటుంది.

చచ్చుబడవు. ఎవరు పుట్టించారో గానీ ఆ పుకారు వదిలేయండి. డైక్లోఫెనాక్ లాంటివి రోజూ మింగితే ముందు దెబ్బతినేది కడుపు, కిడ్నీలు. నరాల వైపు వచ్చే చిక్కు వేరు, దాని గురించి ఎవరూ అడగరు.

అపోహ: రోజూ తలనొప్పి వస్తోంది కాబట్టి రోజూ బిళ్ళ వేసుకుంటున్నా.

చాలామందిలో జరిగేది దీనికి తలకిందులు. పార్శ్వపు నొప్పి ఉన్నవాళ్లలో మరీను. పారాసెటమాల్ లాంటి మామూలు బిళ్ళ నెలలో 15 రోజులు, కెఫీన్ కలిపిన కాంబినేషన్ బిళ్ళలో, పార్శ్వపు నొప్పికి ఇచ్చే ట్రిప్టాన్లో అయితే 10 రోజులు, ఇలా మూడు నెలలు దాటిందంటే ఆ బిళ్ళే తలనొప్పి తెచ్చిపెట్టొచ్చు. ఇక్కడ లెక్క బిళ్ళలది కాదు, రోజులది. మెదడులో నొప్పిని అణిచే ఏర్పాటు మెత్తబడుతుంది, నొప్పి కబురు మోసే దారులు చీటికీమాటికీ ఉలిక్కిపడతాయి. బిళ్ళ పవర్ దిగగానే నొప్పి లేస్తుంది, మళ్ళీ బిళ్ళ.

టైలరింగ్ చేసే ఒకావిడ వచ్చింది. రెండు స్కాన్లు, సైనస్ అని కొన్నాళ్లు, సైట్ అని మూడు జతల కళ్ళద్దాలు. "రోజుకు సగం బిళ్ళే సార్" అంది. పర్సు బోర్లిస్తే సూదిదారాల మధ్య కత్తెరతో నీట్‌గా సగానికి కోసిన బిళ్ళలు. కూర్చుని క్యాలెండర్‌లో లెక్కేస్తే నెలలో 26 రోజులు. ఆపమంటే "ఆపితే చచ్చిపోతా" అంది.

ఆ భయాన్ని నేను కొట్టిపారేయను. ఆపిన మొదటి వారం పది రోజులు నొప్పి పెరుగుతుంది, వాంతులవుతాయి, నిద్ర పట్టదు. "చూశారా, ఆపితే ఎక్కువైంది" అని వెనక్కి పోయేది ఇక్కడే. ఆవిడ నాలుగో రోజు ఫోన్ చేసి ఏడ్చింది. నొప్పి రాకుండా ఆపే మందు ముందే మొదలుపెట్టాం కాబట్టి ఎలాగో నెట్టుకొచ్చింది. రెండు నెలలకు తలనొప్పి రోజులు ఐదుకు దిగాయి.

నాకు కోపం రాదెందుకంటే పీజీలో నైట్ డ్యూటీల్లో నేనూ ఇదే పని చేశాను. తెల్లకోటు జేబులో షీటు, పైన టీ.

మిగతావి గబగబా. ట్రమడాల్ మామూలు నొప్పి బిళ్ళ కాదు, ఓపియాయిడ్, అంటే నల్లమందు తరహా మందు. అలవాటు పడతారు, ఫిట్స్ కూడా రావచ్చు. 2018లో దాన్ని మత్తుమందుల మీద ఉన్న ఎన్‌డీపీఎస్ చట్టం కిందికి తెచ్చింది ఊరికే కాదు. రోజూ వాడుతుంటే ఒక్కసారిగా మానొద్దు, డాక్టర్ చెప్పినట్టు తగ్గించుకుంటూ రావాలి. షుగర్ వల్ల వచ్చే అరికాళ్ల మంటలకు ఇచ్చే ప్రీగాబాలిన్ ఇలా తలనొప్పి తెచ్చే నొప్పి బిళ్ళల కోవలోది కాదు. ఇది చదివి అదీ విసిరికొట్టకండి. "నరాల బలానికి" వేయించుకునే ఇంజక్షన్లతో ఈ తలనొప్పి పోదు.

ఉన్నట్టుండి పిడుగు పడ్డట్టు వచ్చిన తలనొప్పి, జ్వరంతో మెడ బిగుసుకోవడం, చెయ్యీ కాలూ పడిపోవడం ఉంటే ఈ లెక్కలేవీ వద్దు, నేరుగా ఎమర్జెన్సీకి వెళ్లండి. మిగతావాళ్లు వచ్చేటప్పుడు స్కాన్ ఫైలుతో పాటు గోడ మీది క్యాలెండర్ కూడా పట్టుకురండి, బిళ్ళ వేసుకున్న ప్రతి తేదీకీ సున్నా చుట్టి. సగం బిళ్ళకు కూడా.